గంగక్క గోడ మీది ఎర్ర గీత

ఏటిగుంపు బడిలో ఒక ఇనుప గంట ఉంది. దాన్ని కొట్టేది నేను, లెక్కచేసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పిల్లలు పుస్తకాలు మూసేది వంట షెడ్డులోంచి గంగక్క "కంచాలు కడుక్కోండ్రి!" అని కేక వేసినప్పుడే. ఆ కేక వాగు అవతల పత్తి చేలో ఉన్నవాళ్లకు కూడా వినిపిస్తుంది. నేను పాఠం ఎంత బాగా మొదలుపెట్టినా అది ముగిసేది ఆమె ఇష్టప్రకారమే. వచ్చిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఆమె చేతి గోంగూర పప్పు తిన్నాక ఆ విషయంలో నోరు మూసుకున్నాను.

నా పేరు కోటేష్. మాది జూలూరుపాడు దగ్గర ఒక తండా. బదిలీ మీద ఈ బడికి సోషల్ చెప్పడానికి వచ్చాను. ఏటిగుంపులో ఉన్నవన్నీ కోయ కుటుంబాలే, వాళ్లు పల్లెను గుంపు అంటారు. భద్రాచలం నుంచి వచ్చే బస్సు వాగు అవతలే ఆగిపోతుంది. అక్కడ దిగి, చప్టా దాటి, గుంపులోకి నడవాలి. ఎండాకాలంలో చెప్పులు తడవవు. వానలు మొదలయ్యాయంటే చప్టా కనిపించదు. అందుకే వానాకాలమంతా గుంపులోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాను.

గంగక్క బాగా పొడగరి. వంట షెడ్డు గుమ్మం దగ్గర తల వంచకుండా లోపలికి పోలేదు. ఒకసారి మరిచిపోయి నుదురు కొట్టుకుంది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైతే తప్పు గుమ్మానిదే అంది. భర్త పగిడయ్య ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. ఆయనకు మాటలు తక్కువ, మేకలు ఎక్కువ. కొడుకు ప్రభాకర్ భద్రాచలంలో తాపీ మేస్త్రీ. కోడలు దుర్గ ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు కబడ్డీ ఆడిన పిల్ల, అత్తను మించిన పొడగరి. ఆ అత్తాకోడళ్లు బిందెలతో ఎదురొస్తుంటే నేను దారి పక్కకు జరిగి నిలబడతాను.

గంగక్క ఇంటికి ఒక గౌరవం ఉంది. ఆమె తండ్రి వాగు రాళ్లు మోసుకొచ్చి, సున్నం పెట్టి కట్టిన గోడ అది. ఎనభై ఆరు వరదలో గుంపులో తడికల ఇళ్లన్నీ కొట్టుకుపోతే ఆ గోడ ఒక్కటే నిలిచింది. పంచలో, చూరు కింద, ఆ గోడకు అడ్డంగా ఒక ఎర్ర గీత ఉంటుంది. జాజు అనే ఎర్రమట్టితో గీసిన గీత. నీళ్లు అంతదాకా వచ్చాయన్న గుర్తు. గ్యాస్ బండ తెచ్చినవాడైనా, ఓట్ల డ్యూటీకి వచ్చిన ఉద్యోగి అయినా, గంగక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ గీత చూపించాకే మంచినీళ్లు ఇస్తుంది.

"గోదారి నిండితే మా వాగు ఎనక్కి తంతది సారూ. గట్ల తన్నిన నీళ్లు ఇవి," అని నాకూ చెప్పింది. "మా అమ్మ నాగులమ్మ ఇత్తనాల గంప నెత్తిన పెట్టుకొని, ఛాతీ దాకా నీళ్లల్ల ఒక్కతే నడిచొచ్చింది. నీళ్లు దిగినాంక గుర్తు పెట్టింది. మా అమ్మంటే ఏమనుకుంటున్నవ్? నిలబడితే కప్పుకు తగిలేది."

ఆ మాట చెప్పేటప్పుడు గంగక్క కూడా ఇంకొంచెం పొడుగైనట్టు కనిపించేది. వరదప్పుడు ఆమెకు తొమ్మిది పదేళ్లు ఉంటాయట. ఆ తర్వాత బడి మొహం చూడలేదు, అసలు చూడడానికి బడే లేదు. పశువులు కాసింది, ఇప్పపువ్వు ఏరింది, పత్తి తీసింది. పెళ్లయిన కొత్తలోనే తల్లి జ్వరంతో పోయింది. ప్రభాకర్ పుట్టాక, వాడిని చంకన వేసుకుని, గుంపు ఆడవాళ్లను వెంటేసుకుని భద్రాచలం బస్సెక్కింది. గిరిజన సంక్షేమ ఆఫీసు వరండాలో కూర్చుంది. సారు లేడంటే వచ్చేదాకా కూర్చుంటామంది, వచ్చాక బడి ఇచ్చేదాకా కూర్చుంటామంది. అట్లా ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే గుర్తు లేదు. మొదట తాటాకు పాక వచ్చింది, తర్వాత రెండు గదులు వచ్చాయి. వంటకు మనిషి కావాలంటే తనే గరిటె పట్టింది. "నా ఎనక ఈ గుంపుల ఎవ్వరు వేలుముద్ర పెట్టొద్దు," అనేది. తను మాత్రం ఇప్పటికీ వేలిముద్రే.

ఆ రెండు గదుల పైకప్పు ఇప్పుడు పెచ్చులుగా రాలుతోంది. వానొస్తే ఏడో తరగతి వాళ్లను ఆరో తరగతిలో, ఆరో తరగతి వాళ్లను వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పాలి. కొత్త భవనం మంజూరైందని కబురు వచ్చిన రోజు గంగక్క పిల్లలకు పాయసం వండింది. గుంపు వెనక దిబ్బ ఉంది, బడి అక్కడే అని అందరూ అనుకున్నాం. రెండు వేల ఇరవై రెండు వరదలో నీళ్లు గంగక్క పంచ అరుగును తాకి ఆగాయి, దిబ్బ దరిదాపులకు కూడా రాలేదు.

అప్పుడు ఇంజనీర్ రవికుమార్ వచ్చాడు. కొత్తగూడెం బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో పెరిగిన కుర్రాడు, నెమ్మదైనవాడు. దిబ్బంతా తిరిగి చూసి, "ఇక్కడ అన్నిటికన్నా పెద్ద వరద ఎంతదాకా వచ్చింది? భద్రాచలం దగ్గర ఎంతుందో రాసి ఉంటది గానీ, ఈ వాగు ఎంత ఎగదన్నిందో ఏడా రాసి లేదు," అన్నాడు.

ఇంకేం, గుంపు గుంపంతా గంగక్క ఇంటి వైపు చెయ్యి చూపింది. గంగక్క గర్వంగా ముందు నడిచింది. ఆ గీతను పేపర్లో కూడా వేశారని ఎవరో అంటే, ఇంజనీరు ఫోనులో ఆ వార్త వెతికి చూసుకున్నాడు. ప్రభాకర్ తన నీళ్ల గొట్టం తెచ్చాడు. మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నని పారదర్శకపు గొట్టం అది. ఒక కొస గీత దగ్గర పెట్టి, రెండో కొస దిబ్బ మీదికి లాక్కుపోతే, గొట్టంలో నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తున నిలుస్తాయి. దిబ్బ మీద ఆ నీళ్లు మనిషి పిక్కల ఎత్తున నిలిచాయి. అంటే ఎనభై ఆరు వరద లెక్కన దిబ్బ మునిగినట్టే.

రవికుమార్ మొహం చిన్నబోయింది. "ముంపు స్థలంల బడి కట్టొద్దని రూల్ ఉన్నది సార్. పునాది ఎత్తు పెంచుడు తర్వాత మాట. అసలు జాగనే పైన ఉండాలె. వాగవతల, రోడ్డు పక్కన అయితే ఇబ్బంది లేదు," అన్నాడు.

వాగు అవతల అంటే వానాకాలం నాలుగు నెలలు బడి లేనట్టే. ఆ నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న పిల్ల మళ్లీ బడికి రాదు, పత్తి చేలోకి పోతుంది. నా తండాలో చూసినవాణ్ణి, నాకు తెలుసు. గంగక్కకు నాకంటే బాగా తెలుసు. ఆమె అరుగు మీద కూర్చుండిపోయి ఆ ఎర్ర గీత వైపు చూసింది. బడిని తెచ్చింది తను, ఇప్పుడు తీసుకుపోతున్నది తన గోడ.

మర్నాడు గుంపు పెద్ద జంపయ్య వచ్చాడు. ముసలాయన, పెద్దమనిషి తరహా.

"గంగా, గోడ నీదే, జాజు నీదే. గీత జానెడు కిందికి గీస్తే ఏంబోతది? ఎవరు చూడొచ్చిండ్రు?" అన్నాడు.

గంగక్క చేతిలో గరిటె ఉంది. జంపయ్య అదృష్టం కొద్దీ అందులో ఏమీ లేదు. "రేపు నీళ్లొస్తే పిల్లల్ని నీ నెత్తిన కూసోబెట్టుకుంటవా మామా? మా అమ్మ ఎంత దాకా చూసిందో గంత దాకే. బడి పోయినా సరే, గీత దిగదు," అంది.

నిజం చెప్పాలంటే, జంపయ్య చెప్పిన ఉపాయం నాకూ ఒక్క క్షణం బాగానే ఉందనిపించింది. ఆమె జవాబు విన్నాక సిగ్గేసింది.

అప్పుడు నా క్లాసులో నడుస్తున్న పాఠం చరిత్రకు ఆధారాలు. ప్రాథమిక ఆధారాలు, ద్వితీయ ఆధారాలు. ఒక సంగతి జరిగినప్పుడు అక్కడున్నవాళ్లు వదిలిపెట్టిన గుర్తు, చెప్పిన మాట ప్రాథమికం. దాన్ని చూసో వినో తర్వాతివాళ్లు చెప్పుకున్నది ద్వితీయం. పుస్తకంలో శాసనాలు, నాణేలు ఉన్నాయి. మా పిల్లలు నాణెమంటే చాక్లెట్ కొనేది అనుకుంటారు. అందుకని, "పదండి, అసలైన ప్రాథమిక ఆధారం మన గుంపులోనే ఉంది," అని వాళ్లను గంగక్క ఇంటికి తీసుకుపోయాను. నా తెలివికి నేనే మురిసిపోతూ నడిచాను.

తీరా పోయి చూస్తే గోడ మీద గీత లేదు. కొత్తల పండుగ దగ్గరికొచ్చింది. కొత్త పంట దేవతకు పెట్టే ముందు ఇళ్లకు సున్నం వేస్తారు. దుర్గ బకెట్టు, కుంచె పట్టుకుని గోడంతా తెల్లగా చేసి పెట్టింది.

"గీతేది?" అని నేను దాదాపు అరిచాను.

"గంత పరేషానెందుకు సారూ? ఎండనియ్యండ్రి, గీస్త," అంది దుర్గ.

గోడ ఆరాక ఆమె వీపు ఆనించి నిటారుగా నిలబడింది. అరచెయ్యి అడ్డంగా ఛాతీ మీద పెట్టి, ఆ ఎత్తునే పక్కకు చాపి గోడకు ఎక్కడ తగులుతుందో చూసుకుంది. గోడ వైపు తిరిగి, గుడ్డ జాజులో ముంచి, ఆ ఎత్తున ఈ చివరి నుంచి ఆ చివరికి గీత లాగేసింది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేనూ అంతే.

"ఎప్పుడూ గిట్లనే గీస్తవా?"

"అవ్. అత్త చెయ్యి నొప్పని నాకప్పజెప్పినకాంచి గిట్లనే. అంతకుముందు అత్త గిట్లనే గీసేది. అత్త వాళ్లమ్మ గూడ గిట్లనే గీసేదంట. నీళ్లు ఛాతీ దాకా వచ్చినయ్ గదా సారూ."

"ఎవరి ఛాతీ దాకా?"

దుర్గ నవ్వబోయి ఆగింది. తన ఛాతీ వైపు చూసుకుంది, గోడ వైపు చూసింది. చేతిలో గుడ్డ నుంచి జాజు అరుగు మీద బొట్లు బొట్లుగా కారుతోంది.

సరిగ్గా అప్పుడే గంగక్క వచ్చింది. పిల్లలు ఊరుకుంటారా, అందరూ ఒక్కసారే చెప్పేశారు. ఆమె నా వైపు తిరిగింది.

"అంటే ఏంది సారూ? మా అమ్మ గీత అబద్ధమా?"

"అబద్ధమనలేదు గంగక్కా. మీ అమ్మ గీసింది ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదంటున్నాను. ఇది దుర్గ గీసింది."

"నా తల్లి ఛాతీ దాకా నీళ్లల్ల నడిచింది. నువ్వు ఇయ్యాల పుస్తకం పట్టుకొచ్చి కాదంటవా?"

ఆ తర్వాత రెండు రోజులు నా కంచంలోకి సాంబారు పైన తేరిన నీళ్లు మాత్రమే వచ్చాయి. ముక్కలన్నీ పిల్లలకే. నేనూ పంతానికి పోయి అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం, గిన్నెలు కడిగి బోర్లించాక, ఆమె తరగతి గది గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను చూడలే సారూ," అంది చివరికి. "నీళ్లొచ్చే ముందే మా అవ్వ నన్ను గుట్ట మీదికి తోలుకపోయింది. మళ్ల ఇంటికొచ్చేసరికి అమ్మ బురదంత ఎత్తిపోసి, గుర్తు పెట్టేసింది. అమ్మ చెప్తే విన్న. ఇన్నేండ్లు నేనే నీళ్లల్ల నిలబడ్డట్టు చెప్పిన. చెప్పి చెప్పి, చూసినట్టే అనిపిచ్చింది."

మా తండా గురించి నేను చెప్పే సంగతుల్లో సగం మా తాత దగ్గర విన్నవే, నేనూ చూసినట్టే చెబుతానని అన్నాను. ఆమె కొంచెం నవ్వింది.

"గోడకు సున్నం మీద సున్నం ఏసుకుంట వచ్చినం. ఏసిందంత ఆన్నే ఉండాలె గదా?" అంది. "గీకుదాం."

"గంగక్కా, ఒకవేళ అసలు గుర్తు ఇంకా పైన ఉంటే?" అని అడిగాను. అడగక తప్పదు. గోడను ముట్టుకోకుండా ఉంటే, ఏదో ఒక వినతిపత్రం పట్టుకుని తిరగడానికైనా దారి ఉంటుంది. గీకాక పైన కనబడితే దిబ్బ మాట ఇక ఎత్తలేం.

"పైనుంటే పైన అనే చెప్త. బడి వాగవతల కట్టుకోనీ, నేనే పిల్లల్ని దాటిస్త. అసలు ఏమీ లేకుంటే? అమ్మ పెట్టిన గుర్తు ఇదొక్కటే సారూ. ఆమె ఫోటో గూడ లేదు."

రవికుమార్‌కు ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున బండి మీద వచ్చాడు. ప్రభాకర్ తాపీ తీస్తే గంగక్క చేతి మీద ఒక్కటేసింది. ఇంట్లోంచి దోసెలు తిప్పే అట్లకాడ తెచ్చి, తడి గుడ్డతో గోడ నానబెట్టి, కొడుకు చేతికి అది ఇచ్చింది. "ముసలిదాని ఒళ్లు తోమినట్టు తోము," అంది. గుంపంతా పంచ ముందు చేరింది. జంపయ్యకు కుర్చీ వేశారు.

ప్రభాకర్ ఒక్కో గీత కొస కొంచెం మిగిలిస్తూ గీకాడు, సున్నం పొరలు పొరలుగా ఊడింది. దుర్గ గీత కింద, అంతకుముందటి ఏటి దుర్గ గీత. దాని కింద పొరల్లో ఒకచోట గీత బెత్తెడు కిందికి దిగింది. "ఇది నాది," అంది గంగక్క. తర్వాత వరసగా అన్నీ ఆమెవే. లోపలికి పోయేకొద్దీ ఒకదాని కన్నా ఒకటి వెంట్రుకవాసి కిందికి జరుగుతున్నాయి. ప్రభాకర్ గోడ మొదట్లో కొంచెం తవ్వి కారణం చూపించాడు. ఏటేటా అలికి అలికి అరుగు నేలే బెత్తెడు పైకి లేచింది. నేలతో పాటు మనిషి, మనిషితో పాటు గీత.

ఆపైన ఇంకో పొర తీసేసరికి గీత కనబడలేదు. ఉత్త తెలుపు. ప్రభాకర్ ఆగాడు.

"కిందికి చూడు," అంది దుర్గ.

కింద, గంగక్క గీతకు జానెడు కింద, సన్నని పాత గీత ఒకటి బయటపడింది. దాని వెనక పొరల్లోనూ అక్కడే ఇంకొన్ని. నాగులమ్మ తన ఛాతీ ఎత్తున, తన చేతితో గీసుకున్న గీతలు. ఒక గోడకు ముగ్గురు ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వీపు ఆనించి నిలబడినట్టుంది.

"మా నాగులమ్మక్క పొట్టి మనిషే గదా," అన్నాడు జంపయ్య కుర్చీలోంచి, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "చెట్టు మీద చింతకాయ అందక నన్ను పిలిచేది."

అందరం ఆయన వైపు తిరిగాం. "మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది మామా?" అని గంగక్క అరిచింది.

"ఎవరడిగిండ్రు?" అన్నాడు జంపయ్య. నాకు ఆయనను కుర్చీతో సహా వాగులో వదలాలనిపించింది.

రవికుమార్ మాత్రం తొందరపడలేదు. "ఒక్క సంగతి. ఆమె నడిచి పోయేటప్పుడు ఛాతీ దాకా ఉండొచ్చు. పోయినాంక నీళ్లు ఇంకా పెరిగి ఉండొచ్చు గదా?" అన్నాడు. అతను అడిగింది న్యాయమే. గంగక్కే ముందుగా తల ఊపింది.

"ఇంకో పొర ఉన్నది. తియ్యిరా," అంది.

చివరి పొరను ప్రభాకర్ తియ్యలేదు. అట్లకాడ తల్లి చేతికిచ్చి పక్కకు జరిగాడు. గంగక్క వంగి, తడి గుడ్డతో అద్దుతూ, నెమ్మదిగా గీకింది. మొదట, నాగులమ్మ గీతల ఎత్తునే, గోడ పొడవునా మట్టిరంగు చార ఒకటి కనిపించింది. నీళ్లు చాలాసేపు నిలబడి పోయినప్పుడు వండ్రు వదిలే చార అది. దాని పైన గోడ శుభ్రంగా ఉంది, కింద మసకగా ఉంది. నీళ్లు ఎంతదాకా పెరిగాయో అవే రాసి పెట్టుకున్నాయి. ఆ చార మీద, సరిగ్గా మధ్యలో, జాజులో ముంచి అద్దిన అరచెయ్యి. అయిదు వేళ్లు, బొటనవేలు పక్కన పాత గాయం మచ్చ.

గంగక్క అట్లకాడ కింద పెట్టింది. తన అరచెయ్యి తీసి ఆ అరచెయ్యి మీద ఆనించింది. ఆమె వేళ్లు తల్లి వేళ్లను పూర్తిగా కప్పేసి, ఇంకా పైకి వచ్చాయి.

"గింత చిన్నదా మా అమ్మ?" అంది. "గింత చిన్న మనిషి గన్ని నీళ్లల్ల నడిచిందా?"

అని వెక్కి వెక్కి ఏడ్చింది. దుర్గ వెళ్లి అత్తను వెనక నుంచి పట్టుకుంది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోలేదు. తల్లిని ఇన్నేళ్లు కప్పుకు తగిలేంత ఎత్తున ఊహించుకుని మోసిన మనిషికి, ఆ రోజు అసలు తల్లి దొరికింది.

గొట్టం మళ్లీ తెచ్చారు. ఈసారి గంగక్కే ఒక కొసను ఆ చార దగ్గర పట్టుకుని నిలబడింది, ఎవరు అడిగినా ఇవ్వలేదు. రెండో కొస దిబ్బ మీద ప్రభాకర్ చేతిలో ఉంది. రవికుమార్ మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చూశాడు. నీటి మట్టం దిబ్బ అంచుకు బెత్తెడు కిందనే నిలిచింది. అతను లేచి, చొక్కాకు అంటిన మట్టి దులుపుకోకుండానే, "మునగలే!" అని కేకేశాడు. ఆ కేక గంగక్క కేకలో సగం కూడా లేదు గానీ, వాగు అవతలిదాకా అందరికీ వినిపించింది.

తర్వాత కథ ఆఫీసుల్లో నడిచింది కాబట్టి నెమ్మదిగానే నడిచింది. రవికుమార్ గోడ ఫోటోలు పెట్టి రిపోర్టు పంపాడు, పైవాళ్లు ఇంకోసారి వచ్చి వాళ్ల పరికరాలతో కొలుచుకుపోయారు, ఆ కొలతా ఇదే చెప్పింది. బెత్తెడు మీద భరోసా చాలదని పునాది నడుమెత్తు లేపాలని రాశారు. ఎవరి నడుమెత్తు అని గంగక్క అడిగింది. రవికుమార్ టేపు తీసి చూపించాడు.

ఈ ఏడు దిబ్బ మీద బడి తెరిచాం. గంగక్క వంట గది గుమ్మం ఆమె తల వంచనవసరం లేకుండా ప్రభాకర్ దగ్గరుండి కట్టించాడు. నాకు సాంబారులో ముక్కలు ఎప్పుడో తిరిగొచ్చాయి. దుర్గ ఇంటికి ఇప్పటికీ పండుగకు సున్నం వేస్తుంది, కాని ఆ అరచెయ్యి, పాత గీతల కొసలు కనబడేలా కిటికీ అంత జాగా వదిలేస్తుంది. చరిత్ర పాఠం వచ్చినప్పుడు పిల్లలను అక్కడికే తీసుకుపోతాను. ఈ చార ఎవరు పెట్టారు, ఈ చెయ్యి ఎవరిది, పక్క గీతలు ఎవరివి అని వాళ్లే ఒకరినొకరు అడుగుతారు.

బడి తెరిచిన రోజు పెద్దవాళ్లంతా వచ్చారు. రవికుమార్ జాజు గిన్నె తెప్పించి, గుడ్డ గంగక్క చేతికిచ్చాడు. "ఎనభై ఆరు వరద ఎంతదాకా వచ్చిందో దిబ్బ వాలుల పాతిన ఈ రాయి మీద మీరే గియ్యాలె గంగక్కా, అందరికి తెలిసేటట్టు," అన్నాడు. చప్పట్లు కొట్టడానికి అందరూ చేతులెత్తారు.

గంగక్క గుడ్డను గిన్నెలోనే వదిలేసింది.

"నేను చూడలే సారూ," అంది నవ్వుతూ. "చూసినామె చెయ్యి మా ఇంటి గోడ మీదున్నది. పొయ్యి చూసి రాండ్రి, నేను అన్నం వారుస్త."